ఏఆర్-3ఎ పాత స్పీకర్ల జత: కొనే ముందు ఏమి చూడాలి, కొన్నాక ఏ వరుసలో బాగుచేయాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: బోస్టన్ శివార్లలో ఒక ఇంటి సామాను అమ్మకంలో అకౌస్టిక్ రీసెర్చ్ వారి ఏఆర్-3ఎ స్పీకర్ల జత కనిపించింది. ఒక పెట్టెలో ఊఫర్ (మంద్రస్వరం పలికే పెద్ద స్పీకర్) చుట్టూ ఉండే ఫోమ్ చిరిగి రాలిపోతోంది, రెండో పెట్టెలో పై స్వరాలు అసలు వినిపించడం లేదు. ఊఫర్లు తీసేసి కొత్తవి బిగించుకోమని అక్కడి స్నేహితులొకరు చెప్పారు. కొనవచ్చా, బాగుచేయడం మీ వల్ల అవుతుందా, ఏడాది తర్వాత విజయవాడకు తీసుకువెళ్లవచ్చా అని అడిగారు.

కొనవచ్చు. అయితే మిమ్మల్ని భయపెట్టిన చిరిగిన ఫోమ్ ఈ బేరంలో అన్నిటికంటే చిన్న విషయం, చౌకగా అయ్యే పని. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన రెండో లోపం, అంటే పై స్వరాలు వినిపించకపోవడం, చాలా చిన్న కారణం వల్ల అయి ఉండవచ్చు, లేదా మొత్తం జత విలువనే సగానికి తగ్గించేది అయి ఉండవచ్చు. డబ్బు ఇచ్చే ముందు ఆ రెండింటిలో ఏదో తేల్చుకోవాలి. ఇక ఊఫర్లు మార్చమన్న సలహాను దయచేసి పక్కన పెట్టండి. ఎందుకో చెప్పాలంటే ఈ స్పీకర్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పుకోవాలి.

అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థను 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి మీకు దగ్గరలోనే ఉన్న కేంబ్రిడ్జ్‌లో ప్రారంభించారు. అప్పటివరకు లోతైన మంద్రస్వరం కావాలంటే బీరువా అంత పెట్టె ఉండాల్సిందే. ఊఫర్ కోన్‌ను, అంటే ముందుకూ వెనక్కూ కదిలే గరాటులాంటి కాగితాన్ని, వెనక్కి లాగి నిలబెట్టే పనిని దాని అంచుకు, లోపల దాన్ని నడుమన పట్టి ఉంచే స్పైడర్‌కు అప్పగించకుండా, గాలి చొరబడకుండా మూసిన చిన్న పెట్టెలోని గాలికే అప్పగించడం విల్చర్ చేసిన ఆలోచన. కోన్ లోపలికి వచ్చినప్పుడు నొక్కుకుపోయిన గాలి దాన్ని బయటికి నెడుతుంది, బయటికి వెళ్లినప్పుడు పలుచబడిన గాలి లోపలికి లాగుతుంది. గుడ్డతోనో కాగితంతోనో చేసిన అంచుకన్నా గాలి క్రమబద్ధమైన స్ప్రింగ్ కాబట్టి శబ్దంలో వికృతి బాగా తగ్గింది, పెట్టె పుస్తకాల అరలో పట్టేంత చిన్నదైంది. ఈ పద్ధతికి ఆయనకు 1956లో అమెరికా పేటెంట్ వచ్చింది. 1958లో వచ్చిన ఏఆర్-3లో మొదటిసారి డోమ్ (బోర్లించిన గిన్నె) ఆకారపు మిడ్‌రేంజ్ (నడిమి స్వరాల స్పీకర్), ట్వీటర్ (పై స్వరాల స్పీకర్) వాడారు. అదే నమూనాను మెరుగుపరచి 1967లో ఏఆర్-3ఎ తెచ్చారు. ఇందులో 12 అంగుళాల ఊఫర్, ఒకటిన్నర అంగుళం మిడ్‌రేంజ్ డోమ్, ముప్పావు అంగుళం ట్వీటర్ డోమ్ ఉంటాయి. స్వరాలు 575 హెర్ట్జ్ దగ్గర, 5000 హెర్ట్జ్ దగ్గర విడిపోతాయి.

ఈ ఊఫర్‌ను విడిగా బల్ల మీద పెడితే దాని సహజ కంపనం 18 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే అంచు అంత వదులుగా, మెత్తగా ఉండాలి. పెట్టెలో బిగించాక లోపలి గాలి స్ప్రింగ్ తోడై ఆ సంఖ్య 40 దాటుతుంది. నేటి మార్కెట్లో దొరికే 12 అంగుళాల ఊఫర్లలో చాలావాటి అంచు బిగువుగా ఉంటుంది. వాటిని ఇందులో బిగిస్తే కంపన స్థానం పైకి జరిగి, మంద్రం లోతు పోయి, నడుమ గుమ్మనే మోత మాత్రం మిగులుతుంది. స్వరాలను విడదీసి మూడింటికి పంచే సర్క్యూట్, అంటే క్రాసోవర్ కూడా పాత ఊఫర్ లక్షణాలకు సరిపోయేలా కట్టినదే. అందువల్ల కొత్త ఊఫర్ వేసిన ఏఆర్-3ఎ చూడటానికి మాత్రమే ఏఆర్-3ఎ.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఆ ఇంటికి వెళ్లేటప్పుడు ఒక మల్టీమీటర్ (ఓమ్‌లు కొలిచే మీటరు), టార్చి, చిన్న ఆంప్లిఫయర్, ఫోన్, ఒక పాత వార్తాపత్రిక తీసుకువెళ్లండి. ముందుగా రెండు పెట్టెల వెనక ఉన్న లేబుళ్లూ వరుస సంఖ్యలూ చూడండి. తొలినాటి ఏఆర్-3ఎ ఊఫర్లకు ఆల్నికో అయస్కాంతం, గుడ్డ అంచు ఉండేవి. తర్వాత ఫెర్రైట్ అయస్కాంతం, ఫోమ్ అంచు వచ్చాయి. రెండు రకాలూ బాగానే మోగుతాయి గాని, ఒక పెట్టెలో ఒకటి, మరో పెట్టెలో ఇంకొకటి ఉంటే అది జత కాదు, ఎవరో విడివిడిగా సంపాదించి పక్కపక్కన పెట్టినవి. సంఖ్యలు దగ్గరగా లేకపోయినా పరవాలేదు, ఊఫర్లు ఒకే రకానివై ఉండటం ముఖ్యం.

తర్వాత ఊఫర్ దగ్గరికి రండి. ఫోమ్ చిరిగిన దాన్ని మోగించవద్దు. అంచు పట్టు లేని కోన్ పక్కకు ఒరిగి వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) అయస్కాంతానికి రాసుకుంటుంది, ఆ రాపిడే అసలు నష్టం. కోన్ మధ్యలోని గుండ్రటి మూత, అంటే డస్ట్ క్యాప్‌కు ఇరువైపులా రెండు చేతుల వేళ్లు సమానంగా ఆనించి, కోన్‌ను అర సెంటీమీటరు మేర నెమ్మదిగా లోపలికి నొక్కి వదలండి. చెవి దగ్గర పెట్టి వింటే గరగరమనే చప్పుడేమీ రాకూడదు, వేళ్లకు ఇసుక తగిలినట్టు అనిపించకూడదు. ఇలా నాలుగైదు దిక్కుల్లో వేళ్లు మార్చి చూడండి. శుభ్రంగా కదిలితే ఆ ఊఫర్ బతికే ఉంది, కొత్త ఫోమ్ వేస్తే చాలు. ఫోమ్ బాగున్న రెండో పెట్టెలో అదనంగా ఇంకో పరీక్ష చేయవచ్చు: కోన్‌ను నొక్కి వదిలితే అది టక్కున వెనక్కి రాకుండా, ఒకటి రెండు సెకన్లు తీసుకుని మెల్లగా పైకి రావాలి. టక్కున వచ్చిందంటే పెట్టెలో ఎక్కడో గాలి కారుతోందని అర్థం. అది ఊఫర్ చుట్టూ ఎండిపోయిన పుట్టీ నుంచి కావచ్చు, అంచు నుంచి కావచ్చు, వెనక కంట్రోళ్ల రంధ్రాల నుంచి కావచ్చు.

ఇక వినిపించని పై స్వరాలు. పెట్టె వెనక మూడు టెర్మినళ్లు ఉంటాయి, వాటిలో రెండింటిని కలుపుతూ ఒక చిన్న లోహపు పట్టీ ఉండాలి. ఇన్ని దశాబ్దాల్లో అది ఊడిపోయి ఉంటే లోపల ఏమీ చెడకపోయినా పై భాగం మూగబోతుంది. పట్టీ ఉంటే, దాని పక్కనున్న రెండు కంట్రోళ్లను చూడండి. మిడ్‌రేంజ్‌కు ఒకటి, ట్వీటర్‌కు ఒకటి. ఏఆర్ స్పీకర్లలో అందరికీ తెలిసిన జబ్బు ఇక్కడే ఉంది. లోపల తీగ చుట్టిన వలయం మీద లోహపు చేయి జారుతూ ఉంటుంది. గాలి తేమకు ఆ రెండూ పచ్చగా చిలుము పట్టి తాకిడి తెగిపోతుంది. ఆంప్లిఫయర్‌లో తక్కువ శబ్దంతో ఏదైనా పాట పెట్టి, ఆ కంట్రోళ్లను ఆ చివర నుంచి ఈ చివరకు పదిసార్లు తిప్పండి. గరగరమంటూ ఒక్కసారైనా పై స్వరం పలికి మాయమైతే నిశ్చింతగా ఉండండి, డోమ్ బతికే ఉంది.

పలకకపోతే వార్తాపత్రికను గొట్టంలా చుట్టి, ఒక చివర డోమ్ ముందు, మరో చివర చెవికి పెట్టుకుని వినండి. ఈ డోమ్‌ల శబ్దం, ముఖ్యంగా ట్వీటర్‌ది, మామూలుగానే చాలా సన్నగా ఉంటుంది. ఊఫర్ మోగుతుండగా దూరం నుంచి విని ట్వీటర్ చచ్చిపోయిందని తీర్పు చెప్పేవారు చాలామంది. గొట్టం పెట్టి వింటే తేడా తెలుస్తుంది. మిడ్‌రేంజ్ డోమ్ మీద లోహపు జల్లెడ, దాని కింద గ్లాస్ ఫైబర్ దూది ఉంటాయి. అది పాతబడి ఊడినట్టు కనిపించినా పీకవద్దు, శబ్దాన్ని సరిదిద్దడానికి కావాలనే పెట్టినది.

మల్టీమీటర్ విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. వెనక టెర్మినళ్ల దగ్గర మీటరు పెడితే అది ఊఫర్ సంగతి మాత్రమే చెబుతుంది, ఎందుకంటే మిడ్‌రేంజ్‌కూ ట్వీటర్‌కూ వెళ్లే దారుల్లో ఉన్న కెపాసిటర్లు మీటరు పంపే డైరెక్ట్ కరెంట్‌ను ఆపేస్తాయి. టెర్మినళ్ల దగ్గర 3 ఓమ్‌ల చుట్టుపక్కల కనిపించింది కాబట్టి అన్నీ బాగున్నాయని అనుకోవడం తప్పు. సరే, నేరుగా డోమ్ తీగల దగ్గరే పెడదామంటే, కంట్రోల్ కూడా డోమ్‌కు సమాంతరంగా ఉంటుంది కనుక డోమ్ తెగిపోయినా మీటరు ఏదో ఒక సంఖ్య చూపిస్తుంది. డోమ్ తీగల్లో ఒకదాన్ని విడదీసిన తర్వాతే కొలవాలి. అప్పుడు కొన్ని ఓమ్‌లు కనిపిస్తే వాయిస్ కాయిల్ క్షేమం, ఏమీ చూపకపోతే తెగిపోయినట్టు. అమ్మేవారు అందుకు ఒప్పుకోకపోతే, ఆ డోమ్ చచ్చిందనే లెక్కతోనే ధర మాట్లాడండి.

ఎందుకంటే అసలైన డోమ్‌లు ఇప్పుడు ఎవరూ తయారుచేయడం లేదు. ఏఆర్ సంస్థే తర్వాతి సంవత్సరాల్లో భర్తీకి ఇచ్చిన ట్వీటర్లు నిర్మాణంలో వేరు. బయటివారు చేసిన ప్రత్యామ్నాయాలలో కొన్ని వినడానికి పరవాలేదు గాని, వాటి శబ్ద తీవ్రత పాతదానితో సమానం కాదు కనుక ఒక పక్క మాత్రమే వేస్తే పాట ఆ పక్కకు ఒరుగుతుంది. మిగిలిన మార్గం, ఇంకొక పాత ఏఆర్ నుంచి తీసిన డోమ్ కొనడం, అది కూడా పరీక్షించి పంపేవారి దగ్గర. నా దృష్టిలో ఈ జత ధరను నిర్ణయించేది నాలుగు డోమ్‌లు, తర్వాత రెండు ఊఫర్ల వాయిస్ కాయిళ్లు. ఫోమ్, కెపాసిటర్లు, కంట్రోళ్లు, చెక్క మెరుగు ఇవన్నీ మీ చేతి పనితో, కొద్ది డబ్బుతో అయ్యేవి. నాలుగు డోమ్‌లూ పలుకుతున్నాయని తేలితే బేరం ఎక్కువ సాగదీయకుండా తీసుకోండి. రెండు డోమ్‌లు పోయి ఉంటే, చెక్క ఎంత నిగనిగలాడుతున్నా నేనైతే వదిలేస్తాను.

కొన్నారనే అనుకుందాం. పని ఒక్కో పెట్టెకు విడిగా చేయండి, రెండూ ఒకేసారి విప్పవద్దు. ఏదైనా సందేహం వస్తే విప్పని రెండో పెట్టె మీకు నమూనాగా ఉంటుంది. పెట్టెను వెల్లకిలా పడుకోబెట్టి, గుడ్డ జాలీని అంచుల నుంచి కొద్దికొద్దిగా పైకి లేపండి. ఊఫర్ బోల్టులు తీసినా అది వెంటనే రాదు, ఎందుకంటే దాని అంచు కింద మెత్తటి పుట్టీ పెట్టి మూశారు. బలంగా స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే అది జారి కోన్‌లో గుచ్చుకుంటుంది. పలుచని చాకును చుట్టూ నెమ్మదిగా నడిపి, పట్టు వదిలాక రెండు చేతులతో ఎత్తండి. అయస్కాంతం బరువు మీరు ఊహించినదానికంటే ఎక్కువ ఉంటుంది. తీగల రంగులు, అవి ఎక్కడ అంటుకున్నాయో ఫొటోలు తీసుకున్నాకే విడదీయండి.

లోపలంతా గ్లాస్ ఫైబర్ దూది కూరి ఉంటుంది. మాస్కు, చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా లేకుండా దాన్ని తాకవద్దు, ఫ్యాన్ కింద కూర్చుని అసలే వద్దు. దాన్ని ఒక సంచిలోకి తీసి, ఎంత ఉందో అంతా తిరిగి అందులోకే చేర్చాలి. ఈ దూది ఎంత ఉందనేదాన్ని బట్టి మంద్రస్వరం మారుతుంది. కొత్త రకం పాలియెస్టర్ దూది శుభ్రంగా ఉంటుంది కదా అని అదే కొలతలో నింపేవారున్నారు, అది గ్లాస్ ఫైబర్‌లా పనిచేయదు.

దూది తీస్తే కంట్రోళ్లు కనిపిస్తాయి. ఒక్కొక్కటి విప్పి, లోపలి చేయిని, తీగ వలయాన్ని చూడండి. పచ్చటి చిలుము పొరలాగే ఉంటే దాన్ని వెనిగర్‌లో కొద్దిసేపు ఉంచి, పాత పళ్ల బ్రష్‌తో తోమి, నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టి, సన్నని ఎమరీ కాగితంతో చేయి కొనను మెరిసేదాకా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ వేసి మళ్లీ బిగించండి. మీటరు పెట్టి తిప్పితే సంఖ్య ఎక్కడా ఎగిరిపడకుండా 15 ఓమ్‌ల దరిదాపు వరకు సాఫీగా పెరగాలి. తీగ ఎక్కడైనా తిని తెగిపోయి ఉంటే మాత్రం శుభ్రం చేసి లాభం లేదు. అప్పుడు చాలామంది 8 ఓమ్‌ల ఎల్-ప్యాడ్ (శబ్దాన్ని తగ్గించే వేరే రకం కంట్రోల్) వేస్తారు. అది పాత కంట్రోల్‌లాగే అచ్చంగా ప్రవర్తించదు, అయినా నమ్మకంగా పనిచేస్తుంది, పైగా అవసరమైతే తర్వాత తీసేసుకోవచ్చు. మీకు వినిపించని పై స్వరం ఈ దశలోనే తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

కెపాసిటర్లు ఒక్కో పెట్టెలో మూడు విలువల్లో ఉంటాయి: ట్వీటర్‌కు 6 మైక్రోఫారడ్‌లు, మిడ్‌రేంజ్‌కు 50, ఊఫర్‌కు 150. ఇన్నేళ్లకు వాటి విలువలు పక్కకు జరిగి ఉంటాయి కాబట్టి కొలిచి, జరిగితే మార్చేయండి. 6కు ఫిల్మ్ కెపాసిటర్ వేయండి. 50కి, 150కి మంచి నాన్-పోలార్ ఎలక్ట్రోలైటిక్ చాలు. ఆడియో కోసమని ప్రత్యేకంగా చేసిన, చేతికి పట్టనంత లావు ఫిల్మ్ కెపాసిటర్లకు స్పీకర్ల ధరకన్నా ఎక్కువ తగలేసేవారిని చూశాను; వాళ్ల ఆనందం వాళ్లది, కాని మీరు ఆ డబ్బును ఒక విడి డోమ్ కొని దాచుకోవడానికి ఖర్చుపెడితే ఉపయోగం. కాయిళ్లను తాకవలసిన పని లేదు, తీగచుట్టలు ముసలివి కావు.

ఇప్పుడు ఫోమ్. పాలియురేథేన్ ఫోమ్ తేమకు, వేడికి, ఎండకు క్రమంగా విరిగి జిగురు పొడిగా మారుతుంది. వాడినా వాడకపోయినా ఇది తప్పదు. ఏఆర్ 12 అంగుళాల ఊఫర్ కోసమని చెప్పి అమ్మే ఫోమ్‌నే తెప్పించండి. చుట్టుకొలత సరిపోయినంత మాత్రాన ఏదో ఒకటి వేస్తే అది బిగువుగా ఉండి, పైన చెప్పిన 18 హెర్ట్జ్ కథ అంతా పాడవుతుంది. పాత ఫోమ్ కోన్ ముందువైపు అంటించి ఉందో వెనకవైపో చూసి ఫొటో తీసుకోండి, కొత్తది కూడా అలాగే అంటించాలి. ఫ్రేము మీది పాత జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి గీకవచ్చు. కోన్ కాగితం కనుక దాని అంచున మాత్రం గుడ్డను కొద్దిగా తడిపి, ఓపికగా, నానకుండా తుడవాలి.

ముందు కోన్‌కే అంటించి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు ఫోమ్ బయటి అంచును ఫ్రేముకు అంటించేటప్పుడే అసలు నేర్పు కావాలి, ఎందుకంటే వాయిస్ కాయిల్ అయస్కాంతపు సందులో సరిగ్గా నడుమ నిలవాలి. ఫోమ్ అంటించడానికి తెల్ల జిగురు మంచిది, అది ఆరడానికి సమయం ఇస్తుంది. జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే ఊఫర్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి, ఫోన్ నుంచి 30 హెర్ట్జ్ స్వరాన్ని కోన్ కొద్దిగా కదిలేంత శబ్దంలో పెట్టండి. కాయిల్ నడుమన ఉంటే గాలి కదిలిన అలికిడి తప్ప మరేమీ వినిపించదు. ఒక పక్కకు ఒరిగితే సన్నని బరబర వినిపిస్తుంది, అప్పుడు ఫోమ్ అంచును ఆ దిక్కుకు ఎదురుగా వెంట్రుకవాసి జరిపి మళ్లీ వినండి. బరబర పూర్తిగా ఆగిన చోట నాలుగు పక్కలా బట్టల క్లిప్పులు పెట్టి ఆరనివ్వండి. ఇలా చేస్తే డస్ట్ క్యాప్ కోసి లోపల కాగితపు ముక్కలు దూర్చే పని ఉండదు. ఒక ఊఫర్ ఫోమ్ పోయిందంటే రెండోది కూడా అదే వయసుది, దానికీ ఇప్పుడే వేసేయండి. ఒకవేళ మీ పెట్టెల్లో గుడ్డ అంచు బయటపడితే దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ కోసి ఫోమ్ వేయవద్దు. గుడ్డ చెడదు, దాని మీది పూత ఎండి గాలి కారితే ఆ పనికి తగిన మెత్తటి పూత పలుచగా రాయాలి.

డోమ్‌లను మాత్రం బతికి ఉన్నంతకాలం ముట్టుకోవద్దు. వాటి అంచున ఉన్న మెత్తటి పదార్థం వయసుతో బిగుసుకుని శబ్దం కాస్త తగ్గడం నిజమే, అందుకే పాత ఏఆర్-3ఎ మెత్తగా, పై స్వరం తక్కువగా వినిపిస్తుంది. కొత్తలో కూడా ఇది మెరుపులు మెరిపించే స్పీకర్ కాదు. వెనక ఉన్న కంట్రోళ్లను పూర్తిగా పైకి తిప్పి, అది చాలకపోతే ఆంప్లిఫయర్‌లో ట్రెబుల్ కొద్దిగా పెంచి వినడం డోమ్‌ను విప్పి బాగుచేయబోవడం కంటే ఎంతో నయం.

తిరిగి మూసేటప్పుడు పాత పుట్టీ ఎండి ఉంటే కొత్త మెత్తటి పుట్టీని సన్నని తాడులా చేసి ఊఫర్ అంచు చుట్టూ వేయండి. గట్టిపడే సిలికాన్ వాడవద్దు, తర్వాత ఊఫర్ తీయవలసివస్తే చెక్క ఊడివస్తుంది. మూశాక ఒకటిన్నర వోల్టు బ్యాటరీని రెండు పెట్టెల టెర్మినళ్లకు ఒకే వరుసలో క్షణం తాకించి, రెండు కోన్‌లూ ఒకే దిక్కుకు కదులుతున్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత నొక్కి వదిలే పరీక్ష మళ్లీ చేయండి. చెక్క మీద నీటి మరకలుంటే నూనె పూతతో రుద్దితే చాలు. పెట్టె పైనున్న వాల్నట్ చెక్క పొర చాలా పలుచన, మెషీన్‌తో రుద్దితే కింది చెక్క బయటపడుతుంది.

విజయవాడ సంగతి. ఒక్కో పెట్టె సుమారు 24 కిలోలు, అందులో ఎక్కువ బరువు ముందువైపు ఊఫర్ దగ్గరే ఉంటుంది కనుక ప్యాకింగ్‌లో ముందు భాగానికి గట్టి అట్ట పలక అడ్డుపెట్టి, దాని మీద ఏదీ ఆనకుండా చూడాలి. స్పీకర్లకు కరెంటు ప్లగ్గు లేదు కాబట్టి అక్కడి 230 వోల్టులతో వాటికి పేచీ లేదు, కాని మీరు అమెరికాలో కొన్న 120 వోల్టుల ఆంప్లిఫయర్‌ను స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా అక్కడ పెడితే మొదటి క్షణంలోనే పోతుంది. ఆంప్లిఫయర్‌ను అక్కడే కొనడం మేలు. ఏది కొన్నా 4 ఓమ్‌ల లోడును నిలకడగా నడపగలదని తయారీదారు స్పష్టంగా రాసినదై ఉండాలి. ఏఆర్-3ఎ కొద్ది శక్తితో గట్టిగా పలికే స్పీకర్ కాదు, చిన్న ఆంప్లిఫయర్‌ను చివరికంటా తిప్పితే శక్తి చాలక అంచులు తెగి వికృతమైన ఆ శబ్దానికి మొదట బలయ్యేది ట్వీటరే. కృష్ణా తీరపు ఉక్కకు కొత్త ఫోమ్ కూడా బోస్టన్‌లో కన్నా త్వరగా ముసలిదవుతుంది, కనుక ఇంకో జత ఫోమ్ ముందే కొని నిల్వ ఉంచాలని అనుకోవద్దు. అది డబ్బాలోనే పాడవుతుంది, అవసరమైనప్పుడు తెప్పించుకోండి. స్పీకర్లను గోడకు ఆనించి నేల మీద కాకుండా లోహపు స్టాండ్ల మీద పెట్టండి, చెదలకు వాల్నట్ అయినా ఒకటే.

డోమ్ తీగ విడదీసి కొలిచాక వచ్చిన సంఖ్యలు, వెనక లేబుల్ ఫొటో ఇక్కడ పెడితే ధర ఎంతవరకు ఇవ్వవచ్చో చెప్పగలను.